సంఘ గానమునకు ఏ అమరిక?
ఎలక్ట్రానిక్ అకార్డియన్ బటన్లను గూర్చి

(క్వయర్ సభ్యులు, వాద్యకారులు, సంఘ పెద్దలు కూడిన కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మాకు అప్పగించిన అంశమును వినినప్పుడు పెద్దలలో కొందరు చిరునవ్వు నవ్విరి. ఎలక్ట్రానిక్ అకార్డియన్‌కు బటన్లు ఏ వరుసలో ఉండవలెనను సంగతి సంఘ పెద్దలు కూర్చుండి ఆలోచింపదగినదేనా అని వారి భావము. ఆలోచింపదగినదే అని మా మనవి. మన సంఘములలో వాద్యము కొనుటకు వచ్చు డబ్బు ఎక్కడిది? కోతకాలపు పండుగనాడు ఒకరు బుడ్డల మూట తెత్తురు, ఒకరు జొన్నలు, కొర్రలు తెత్తురు, ఒక విధవరాలు రెండు కోళ్ళు తెచ్చును. వాటిని వేలము వేసి, రూపాయి రూపాయి కూడబెట్టి వాద్యము కొందురు. కొనునపుడు ధర అడుగుదురు, కంపెనీ అడుగుదురు, శబ్దము ఎంత దూరము వినబడునని అడుగుదురు. అమరికను గూర్చి అడుగువారు అరుదు. ధర సంగతి ఆ యేటితో తీరిపోవును. అమరిక మాత్రము వాయించువాని వేళ్ళలో ఇరువది, ముప్పది ఏండ్లు నిలుచును. అందుచేత కొనకముందే ఒక గంటసేపు దీనిని గూర్చి మాటలాడుకొనుట మేలు.

ముందుగా ఇప్పుడు మన చేతిలో ఉన్నదేమిటో చూతము. లండన్ మిషనరీ సొసైటీ వారు 1822లో కడపలో పని ప్రారంభించునాటికి హార్మోనియం పుట్టనే లేదు. ప్యారిస్ నగరములో దెబేన్ అను పనివాడు 1840ల తొలినాళ్ళలో దానికి రూపమిచ్చెను. కాలితో త్రొక్కి వాయించు ఆ పెట్టె మిషనరీల వెంటను, దొరల వెంటను మన దేశమునకు వచ్చినది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో స్థాపించిన ద్వార్కిన్ సంస్థ దానిని మన పద్ధతికి మార్చినది. నేలమీద కూర్చుండి, ఒక చేత తిత్తి ఆడించుచు, మరొక చేత వాయించు చేతి హార్మోనియం అట్లు వచ్చినది. మన రాయలసీమ పద్యనాటకము వేళ్ళూనిన నేల. సురభి నాటక సమాజము 1885లో పుట్టినది ఉమ్మడి కడప జిల్లాలోని సురభి గ్రామములోనే. పద్యనాటకమునకు హార్మోనియమే ప్రాణము. కృష్ణుడు పాడు శ్రుతి వేరు, అర్జునుడు పాడు శ్రుతి వేరు. ఎవరు రంగము మీదికి వచ్చిన వారి శ్రుతికి చేయి మార్చుకొనువాడే హార్మోనిస్టు. మన గ్రామ సంఘములలో కీర్తనలకు హార్మోనియం పట్టిన పెద్దలలో కొందరు అటువంటి నాటకముల హార్మోనిస్టుల యొద్ద కూర్చుండి నేర్చుకొనినవారని మేమెరుగుదుము.

ఆ విధముగా నల్ల మెట్లు, తెల్ల మెట్లు గల పియానో అమరిక మనకు వారసత్వముగా వచ్చినది. దానిని ఏ కమిటీయు కూర్చుండి ఎన్నుకొనలేదు. దానిమీద ఆక్షేపణలు లేకపోలేదు. మెట్టుకు మెట్టుకు నడుమ స్వరము జారదు గనుక గమకములు పలుకవనియు, దాని శ్రుతులు మన సంగీతమునకు సరిపడవనియు పండితులు వాదించిరి. ఆకాశవాణి 1940లో హార్మోనియమును నిషేధించెను. 1971లో గాని ఆ ఆంక్ష సడలలేదు. ముప్పది ఏండ్లు రేడియోలో చోటు లేకపోయినను పల్లెలలో హార్మోనియం ఆగలేదు. ఎందుచేత? నేర్పువాడు పక్క వీధిలోనే ఉండెను. ఈ మాటను మీరు జ్ఞాపకముంచుకొనుడి. మేము చెప్పబోవునదంతయు దీనిమీదనే ఆధారపడియున్నది.

ఇక అకార్డియన్ సంగతి. వియన్నా నగరములో సిరిల్ డెమియన్ 1829లో ఆ పేరుతో పేటెంటు పొందెను. ఇదియు హార్మోనియం కుటుంబములోనిదే. సన్నని లోహపు రీడు మీద గాలి పోయినప్పుడు అది కంపించి పలుకును. రాజ్‌కపూర్ 'సంగం' (1964) చిత్రములో తెరమీద దీనిని మెడకు తగిలించుకొని కనబడిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. నిలువబడి, నడచుచు, రెండు చేతులతో వాయించవచ్చును గనుక మట్టల ఆదివారపు ఊరేగింపునకు, క్రిస్మస్ రాత్రి ఇంటింటికి పాడుచు వెళ్ళు బృందమునకు ఇది ఎంతో అనువైనది.

అయితే మన సీమకు ఒక చిక్కు ఉన్నది. మామూలు అకార్డియన్లలో చాలవాటికి రీడ్లను తేనెమైనము, గుగ్గిలము కలిపిన ముద్దతో చెక్కదిమ్మెలకు అంటింతురు. కర్నూలులో మే మాసపు ఎండ 40 డిగ్రీలు దాటును. రేకుల కప్పు క్రింద, తలుపులు మూసిన గదిలో ఆ వేడి ఇంకను హెచ్చును. మైనము మెత్తబడెనా, రీడ్లు కదలిపోవును. బాగుచేయువాడు మన దరిదాపులలో దొరకుట కష్టము. హార్మోనియంలో రీడ్లను మరలతో బిగింతురు గనుక అది ఎండకు ఓర్చుకొనును. ఎలక్ట్రానిక్ అకార్డియన్ మన యెండకు పనికివచ్చుట ఇందుచేతనే. జపాను దేశపు రోలాండ్ కంపెనీ 2004లో వి-అకార్డియన్ అను పేర దీనిని విడుదల చేసెను. ఇందులో రీడ్లు లేవు, మైనము లేదు. తిత్తి మాత్రము ఉన్నది; దానిని ఎంత బలముగా లాగితిమో, ఎంత మెల్లగా నొక్కితిమో లోపలి సెన్సారు గ్రహించి శబ్దమును పెంచును, తగ్గించును. కొన్ని రకములు బ్యాటరీతో పనిచేయును గనుక కరెంటు పోయినను పాట ఆగదు. హెడ్‌ఫోను పెట్టుకొని రాత్రివేళ ఎవరి నిద్రయు చెడకుండ సాధన చేయవచ్చును.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చుచున్నాము. కుడిచేతి వైపున రెండు రూపములు దొరకును: పియానో మెట్లు గలవి, గుండ్రని బటన్లు గలవి. బటన్లలో మరల రకములున్నవి. ఒక రకములో ఒకే బటను తిత్తిని నొక్కినప్పుడు ఒక స్వరమును, లాగినప్పుడు మరొక స్వరమును పలుకును. ఐరోపా జానపదుల నాట్యపు పాటలకు అది ముచ్చటగా ఉండును గాని, పండ్రెండు స్వరస్థానములను ఏ శ్రుతిలోనైనను కోరు మన కీర్తనలకు అది చాలదు. దానిని ప్రక్కకు పెట్టుదము.

రెండవ రకములో బటను ఎటు తిత్తి కదిపినను ఒకే స్వరము పలుకును. ఇందులో ముఖ్యమైనవి సి-అమరిక, బి-అమరిక. సంగీతము నేర్చినవారికి తెలియునట్లు మన పేర్లతో చెప్పుదుము. సి-అమరికలో వెలుపలి వరుసలో ఒక బటను షడ్జమము అనుకొనుడి. అదే వరుసలో దాని ప్రక్కది సాధారణ గాంధారము, ఆ ప్రక్కది ప్రతి మధ్యమము, ఆ ప్రక్కది చతుశ్శ్రుతి దైవతము, ఐదవది తారస్థాయి షడ్జమము. రెండవ వరుస శుద్ధ రిషభముతోను, మూడవ వరుస చతుశ్శ్రుతి రిషభముతోను మొదలై అట్లే సాగును. నాలుగు మూడ్లు పండ్రెండు. స్వరస్థానములన్నియు మూడు వరుసలలో తీరిపోయినవి. నాలుగవ, ఐదవ వరుసలుండినచో అవి మొదటి, రెండవ వరుసలనే మరల పలుకును. బి-అమరికయు ఇట్టిదే గాని, అద్దములో చూచినట్లు వరుసల క్రమము తిరుగబడి యుండును. ఫ్రాన్సు, ఇటలీ దేశములలో సి-అమరిక వాడుక హెచ్చు. రష్యావారి బయాన్ వాద్యమునకు బి-అమరిక. రెంటిలో ఒకటి శ్రేష్ఠము, ఒకటి నీచము అని చెప్పుటకు లేదు. రెండు అమరికలలోను మహా వాద్యకారులున్నారు.

ఈ బటన్ల గొప్పతనమెక్కడ ఉన్నది? శ్రుతి మార్చుటలో ఉన్నది. పియానో మెట్ల మీద శంకరాభరణమును ఒకటవ శ్రుతిలో వాయించినప్పుడు అన్నియు తెల్ల మెట్లే. రెండవ శ్రుతికి పోయినప్పుడు రెండు నల్ల మెట్లు వచ్చును. మూడవ శ్రుతిలో నాలుగు నల్ల మెట్లు, నాలుగున్నర శ్రుతిలో ఐదు. రాగము మారలేదు, పాట మారలేదు. వేళ్ళ దారి మాత్రము ప్రతి శ్రుతికి మారినది. ఐదు వరుసల బటన్ల మీద అట్లు కాదు. ఒక శ్రుతిలో నేర్చుకొనిన వేళ్ళ దారియే పండ్రెండు శ్రుతులకును చాలును; చేతిని మరొక చోటికి జరిపిన సరిపోవును. పాడువాడు శ్రుతి మార్చినప్పుడు సరిగమలు మార్చుకొనునా? లేదు. స ఎక్కడ పెట్టిన అక్కడనుండి రి, గ, మ వచ్చును. బటన్ల అమరిక మన గానపు ఆలోచనకు అంత దగ్గరగా ఉన్నది. మూడే వరుసలున్నచో మూడు దారులు నేర్వవలెను. కాబట్టి కొనునపుడు వరుసలు లెక్కించి చూచుకొనుడి.

ఇది సంఘమునకు చిన్న సంగతి కాదు. గాయకుడొక్కడే పాడునపుడు తన కంఠమునకు తగిన శ్రుతి పెట్టుకొనును. సంఘమంతయు పాడునపుడు పురుషులున్నారు, స్త్రీలున్నారు, ముసలివారున్నారు, బిడ్డలున్నారు. అనుపల్లవి అందక సగము మంది నోరు మూసికొనినచో ఆ శ్రుతి ఎంత చక్కగా పలికినను ఏమి ప్రయోజనము? వాద్యకారుడు తన వేళ్ళకు సులభమైన శ్రుతిలో గాక సంఘపు కంఠమునకు సులభమైన శ్రుతిలో వాయించవలెను. ఆ సేవకు బటన్లు చక్కని సాధనము.

అట్లయిన అందరమును బటన్లే కొందమా? కొంచెము ఆగుడి. ఎలక్ట్రానిక్ వాద్యములో ట్రాన్స్‌పోజ్ అను సదుపాయమున్నది. పియానో మెట్ల మీద ఒకటవ శ్రుతి వేళ్ళతో వాయించుచునే రెండున్నర శ్రుతిలో శబ్దము రప్పించవచ్చును. మెట్ల పలకనే జరుపు స్కేల్ ఛేంజర్ హార్మోనియం చూచినవారికి ఇది క్రొత్త కాదు. దానితో బటన్ల గొప్పతనములో ఒక పెద్ద పాలు పియానో మెట్లకును దక్కినది. కొరత లేకపోలేదు: చేయి ఒక స్వరమును అనుకొనును, చెవి మరొకటి వినును, పాట నడుమ శ్రుతి పెంచవలెనన్న చేయి ఆపి మీట వెదకవలెను. అయినను హార్మోనియం నేర్చిన చేయి ఉన్న సంఘమునకు ఈ సదుపాయము చాలును.

మేలైన అమరిక అనునంత మాత్రముచేత అది నిలువదు అనుటకు చరిత్రలో ఒక సాక్ష్యమున్నది. హంగరీ దేశస్థుడైన పాల్ ఫాన్ యాంకో 1882లో పియానోకు ఆరు వరుసల క్రొత్త అమరికను కనిపెట్టెను. అన్ని శ్రుతులకును ఒకే వేళ్ళ దారి. సామాన్యమైన చేతికి కూడ దూరపు స్వరములు అందును. బుద్ధికి చూడగా పాతదానికంటె మేలైనది. అయినను అది నిలువలేదు. నేర్చినవారు మరల మొదటినుండి నేర్వనొల్లరైరి. నేర్పువారు లేక క్రొత్తవారు రారైరి. మన తెలుగు డి.టి.పి. పనివారిని చూడుడి. ఒకరి వేళ్ళకు ఆపిల్ అమరిక, మరొకరికి ఇన్‌స్క్రిప్టు. ఒకరి కంప్యూటరు ముందు మరొకరు కూర్చున్నప్పుడు చేయి వచ్చినవాడు కూడ అక్షరము అక్షరము వెదకును.

ఎలక్ట్రానిక్ అకార్డియన్‌లో ఒక సౌకర్యము కలదు. అదే ఒక మోసము కూడ. మామూలు బటన్ అకార్డియన్‌లో అమరికను తయారీలోనే నిర్ణయింతురు. ఎలక్ట్రానిక్ దానిలో సి-అమరికను, బి-అమరికను, వాటి ఇతర భేదములను మీట నొక్కి మార్చవచ్చును. అందుచేత ఇప్పుడు ఏదైతే ఏమి, తరువాత మార్చుకొందమని యువకులు అందురు. వాద్యము ఒక్క క్షణములో మారును. వేళ్ళు మారవు. బటన్ల రంగులు కూడ మారవు. నలుపు తెలుపులు ఒక అమరిక చెప్పుచుండగా శబ్దము మరొకటి చెప్పును. మార్చు సౌకర్యము దేనికనగా, వేరొక అమరిక నేర్చినవాడు వచ్చినప్పుడు అతడు కూడ వాయించుటకు. నేర్చుకొను బిడ్డ నెలకొకటి మార్చి చూచుటకు కాదు.

ఎడమచేతి వైపు సంగతియు రెండు మాటలు. అక్కడ సాధారణముగా స్ట్రాడెల్లా అను అమరిక ఉండును. ఒక బటను షడ్జమమైనచో దాని పైది పంచమము, క్రిందిది మధ్యమము. వాటి ప్రక్క వరుసలలో ఒక్క బటను నొక్కినంతనే మూడు స్వరముల కార్డు పలుకును. ఇంగ్లీషు రాగములకు అది దీవెనయే. మన కీర్తనలకు జాగ్రత్త కావలెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో పాటలపైన రాగము, తాళము ముద్రించిరి. అది అలంకారము కొరకు కాదు. మోహనములో మధ్యమము, నిషాదము లేవు. మధ్యమపు కార్డు నొక్కినచో లేని మధ్యమము వచ్చును, పంచమపు కార్డు నొక్కినచో లేని నిషాదము వచ్చును. మాయామాళవగౌళలో పంచమపు మేజర్ కార్డు నొక్కినచో శుద్ధ రిషభము ఉండవలసిన చోట చతుశ్శ్రుతి రిషభము మ్రోగును. పాడువారు తప్పిపోయిరని మనము వారిని నిందింతుము. ఇట్టి కీర్తనలకు కార్డుల వరుసను వదలి, స, ప బటన్లను మాత్రమే తంబూరవలె మెల్లగా పట్టి యుంచుట క్షేమము.

మా పాస్టరేటు ప్రాంతములోని ఒక గ్రామ సంఘములో ఎలక్ట్రానిక్ కీబోర్డు వాయించు తమ్ముడొకడు ఉండెను. మంచి చేయి. తాళములు, శబ్దములు అన్నియు తన పద్ధతిలో అమర్చుకొనెను. ఉద్యోగము వచ్చి బెంగుళూరు పోయెను. అందులో తప్పేమియు లేదు. వానకు కరువైన సీమ బిడ్డలు పని వెదకికొని పోవలసినదే. అయితే అతడు వెళ్ళిన ఆదివారమునుండి కీబోర్డు మీద గుడ్డ కప్పి యున్నది. దానిని తాకు ధైర్యము మరెవరికిని లేదు. వాద్యము చెడిపోలేదు, వెంట నేర్చినవారు లేకపోయిరి. బుడ్డల మూటలు వేలము వేసి కొన్న వాద్యము గతి అది.

మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయము చదివినచో మందిర గానమునకు నేర్పరులైన వారిని 288 మందిగా లెక్కించి, 24 వంతులుగా పంచి, గురువనియు శిష్యుడనియు భేదము లేక చీట్లు వేసినట్లు చూతుము. గానము ఒక మనుష్యుని సొత్తు కాదు, వంతులు వంతులుగా సాగవలసిన సేవ అని ఆ యేర్పాటు మనకు బోధించుచున్నది. అమరికను గూర్చిన మా మాటయు అదియే. అమరిక వాద్యమునకు చెందినది కాదు, వాయించువానికిని చెందినది కాదు. నేర్పువాడు, నేర్చువాడు, వారి వెనుక వచ్చువాడు, ఈ ముగ్గురికి కలిపి అది చెందును.

కాబట్టి సంఘ పెద్దలకు మా సలహా ఇది. మీ సంఘములోగాని, పక్క గ్రామములోగాని హార్మోనియం వాయించు పెద్ద ఒకరున్నచో పియానో మెట్లు గల దానినే కొనుడి. క్రొత్తది కాదని చిన్నతనపడవలదు. ఆయన ఊపిరి ఉండగానే ఇద్దరు బిడ్డలను ఆయన ప్రక్కన కూర్చుండబెట్టుడి. బటన్ల వాద్యము నేర్పువారు మీకు అందుబాటులో ఉన్నచో బటన్లదే తీసికొనుడి. ఆయనది సి-అమరికయైన సి, బి-అమరికయైన బి. ఏది గొప్పదని పుస్తకములు చూచి గురువుతో తగవులాడకుడి. గురువు ఎవరును లేక, యువకులు వీడియోలు చూచి తామే నేర్వదలచినచో, ఒక్కడిని కాదు, కనీసము ఇద్దరిని కలిపి మొదలుపెట్టించుడి. వారు ఎవరిని చూచి నేర్వదలచిరో ఆ వాద్యకారుని అమరికయే ఇద్దరికిని ఉండవలెను. ఆ నిర్ణయమును కమిటీ మినిట్సులో వ్రాయించుడి. పాస్టరేటులోని ఇతర సంఘములు కూడ అదే అమరికను పాటించినచో, ఒక ఊరి వాద్యకారుడు జబ్బుపడిన ఆదివారము పక్క ఊరివాడు వచ్చి కూర్చుండగలడు.

యువకులారా, మీకొక మాట. దావీదు సౌలు యుద్ధకవచమును తొడిగి చూచి, తనకు అలవాటు లేనివని విడిచిపెట్టెను. అవి చెడ్డవి గనుక కాదు. రాజు ధరించునవి చెడ్డవెట్లగును? తన చేతికి ఎరుకైన వడిసెల చాలునని అతడెరుగును. మీ చేతికి హార్మోనియం ఎరుకైనచో దానిని తక్కువగా చూడకుడి. క్రొత్తగా మొదలుపెట్టువారైనచో బటన్లను చూచి భయపడకుడి. ఏది పట్టినను ఐదేండ్లు విడువక పట్టుడి. మీరు నేర్చిన ప్రతి కీర్తనను మరొకనికి నేర్పుడి.

పెద్దలారా, ఈసారి దుకాణమునకు వెళ్ళునపుడు ధరతోపాటు మూడు ప్రశ్నలు వెంట తీసికొని వెళ్ళుడి. దీనిని మావారికి ఎవరు నేర్పుదురు? వారి తరువాత ఎవరు వాయింతురు? మా సంఘము సుఖముగా పాడు శ్రుతిలో ఇది పలుకునా? ఈ మూటికి జవాబు దొరకిన దినమున ఏ అమరికయైనను మంచిదే. ప్రభువు మీ పాటను, మీ చేతుల పనిని దీవించును గాక.